బత్తాయిల సంచిలో నాలుగు ముక్కలు

బిడ్డా,

బత్తాయిల సంచి అడుగున ఈ కాగితం పెడుతున్నాను. ఫోన్ చేస్తే "తిన్నానమ్మా, మళ్ళీ చేస్తా" అని పెట్టేస్తున్నావు. ఇప్పటికి 18 రోజులు. కాగితాన్నైతే మధ్యలో పెట్టేయలేవు కదా.

కాయలు మన తోటవి కావు, చిన్నాయన వాళ్ళవి. నాలుగైదు మెత్తబడ్డాయి, వాటిని ముందు తిను. కారప్పొడి డబ్బా మూత వదులైంది, సీసాలోకి మార్చుకో. మీ నాయిన మోకాలు అట్లనే ఉంది, చెప్తే వినడు. చిన్నోడు కొత్త బండి అంటున్నాడు.

మొన్న దేవరకొండ బస్సులో మీ బుచ్చమ్మత్త కలిసింది. పాలమూరు దిక్కు ఒకరింట్లో పెంపకానికి ఇచ్చిన పిల్ల ప్రాణం తీసుకోబోయి బతికిందట. ఆ పిల్లను ఆ ఇంటికి ఇప్పించింది మీ అమ్మాయేనట కదా అంది. మా పిల్ల నాకేం చెప్పలేదు అన్నాను. నిజమే కదా, చెప్పలేదు. పిల్ల పేరు, ఊరు నేను అడగను. బయటపెట్టొద్దని చట్టమే ఉందని ఉద్యోగంలో చేరిన కొత్తలో నువ్వే అన్నావు. అడిగేది నీ సంగతి. సరే, అది పక్కన పెడదాం.

ఇక్కడ వానలు ముఖం చాటేశాయి. పత్తి మొలకలు సగమే వచ్చాయి. రంగమ్మక్క నిన్న వచ్చి నిన్నడిగింది. సైదులు సంగతి నీకు సగమే తెలుసు, అప్పుడు నువ్వు రెండో తరగతి. తల్లి పోయాక వాణ్ణి నాలుగేళ్ళప్పటి నుంచీ మేనత్త రంగమ్మక్కే పెంచింది. పదో తరగతిలో ఉండగా పోయాడు. ఎట్లా పోయాడో ఇప్పుడెందుకు. ఊరు మాత్రం ఐదు కథలు అల్లింది. మార్కులని ఒకరు, చేను పనికి తోలిందని ఒకరు, సొంత తల్లైతే ఇట్లా అయ్యేదా అని ఒకరు. దినాలు అయిపోయాక ఆ గడప తొక్కినోళ్ళు లేరు.

నేను మూడో రోజే పోయాను. అంగన్‌వాడీ టీచర్‌ని, నలుగురికి చెప్పేదాన్ని అన్న గర్వం కూడా ఉండె అప్పుడు. పోయి కూర్చొని నేనడిగిన మొదటి మాట ఏంటో తెలుసా? "ముందురోజు ఏమన్నా అన్నావా అక్కా?" ఆమె చాలాసేపు గోడ చూసి, "బీరకాయ కూర వద్దన్నడు. ఉన్నది తినురా అన్న" అంది. అంతే. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో బీరకాయ వండలేదు, 19 ఏళ్ళు. సంతలో కనబడితే అటు నుంచి ఇటు తిరిగి పోతుంది. ఆ కూరను ఆమె చేతిలో పెట్టింది నేనే బిడ్డా. నేను అడగకపోతే ఆమెకు ఆ ముక్క అంత పెద్దదిగా కనిపించేది కాదేమో. ఒక్క మాటకు ప్రాణాలు పోవని, లోపల ఎన్నో ముళ్ళు పడి ఉంటాయని నాకు తర్వాత తెలిసింది.

తర్వాత రోజూ సాయంత్రం పోయేదాన్ని, ఏమీ అడక్కుండా. ఇద్దరం చాటలో బియ్యం పోసుకొని రాళ్ళు ఏరేవాళ్ళం. రాళ్ళు లేని బియ్యం కూడా ఏరాం. నాలుగో నెలలో ఒకరోజు తనే చెప్పింది: నలుగురిలో అత్తా అనేవాడట, జ్వరమొస్తే మాత్రం అమ్మా అనేవాడట.

ఆ పాలమూరు దిక్కు పిల్లను పెంచుతున్న తల్లి దగ్గరికి పోతున్నావా? ఫైల్ పట్టుకొని పోయేది కాదు, ఊరికే పోయేది. విచారణకు వేరే రోజు, కూర్చోవడానికి వేరే రోజు. పెంపకానికి సర్కారు నెలకు ఇచ్చే ఆ 4,000 రూపాయల కోసం తెచ్చుకున్నారని అప్పుడే అంటున్నారట. పిల్ల మీద కేసు పెడతారని ఆమె భయపడుతుంటే, 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం అట్లాంటి వాళ్ళను తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగానే చూడాలి, శిక్ష వేయొద్దు అని నిదానంగా చెప్పు. ఒక్కసారి చెప్తే చెవికెక్కదు, రెండుసార్లు చెప్పు. పిల్లను వాపస్ తీసుకుపోతారా అని అడుగుతుంది. పిల్లల సంక్షేమ కమిటీ ఏమంటుందో తెలియకుండా మాటివ్వకు, తెలిసినరోజు మాత్రం ముందు ఆమెకే చెప్పు.

దవాఖాన నుంచి వచ్చిన మొదటి కొన్ని వారాలే గట్టిగా చూసుకోవాల్సినవి. ఇంట్లో పురుగుమందు డబ్బాలు, మాత్రలు ఏవీ అందుబాటులో ఉండొద్దు. మళ్ళీ అట్లా అనిపిస్తుందా అని పిల్లను సూటిగా అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. ఆ ఇంట్లో ఇంకో పిల్లాడు ఉంటే జ్వరమని అబద్ధం చెప్పించకు, పిల్లలకు అన్నీ తెలుస్తాయి. మనసు బాగోలేనప్పుడు మాట్లాడే సర్కారు ఫోన్, టెలి మానస్ 14416 నంబర్ క్యాలెండర్ మీద రాసి పెట్టు. పైసా ఖర్చు లేదు, రాత్రి కూడా ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు.

చూడు, పాఠం మొదలుపెట్టాను. నీకు తెలియనివా ఇవన్నీ.

ఆ నంబర్ నీ ఫోన్‌లో కూడా ఉంచుకో. పెంచినవాళ్ళను నువ్వు అడుగుతావు, నిన్నెవరు అడుగుతున్నారు? ఆఫీసులో అందరూ రిపోర్టే అడుగుతుంటారు. ఆ ఇల్లు చూసి వచ్చి నువ్వు రాసిన కాగితాలు రాత్రిళ్ళు మళ్ళీ మళ్ళీ తిరగేస్తున్నావని నాకు తెలుసు, చిన్నప్పుడు పరీక్ష పేపర్ కూడా అట్లనే తిరగేసేదానివి. నీ బీరకాయ ఏంటో నేను అడగను.

శనివారం పొద్దున మొదటి బస్సుకు వస్తున్నా. చాట తెస్తా. రూమ్ సర్దొద్దు, వంట చెయ్యొద్దు. రావొద్దని ఫోన్ చేస్తే ఎత్తను.

అమ్మ

సంచి పారెయ్యకు, మీ నాయినది.