హెచ్చరిక చదవగలిగే భాషలో ఉండాలి: కేంద్ర ఆరోగ్య మంత్రికి విజయనగరం నుంచి బహిరంగ లేఖ

కేంద్ర ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

విజయనగరంలో ఐదుగురం కలిసి ఒక పోషకాహార పొడికి ప్యాకెట్ రూపొందించాము. చోళ్ళ (రాగుల) పిండిలో ఐరన్, విటమిన్లు కలిపిన పొడి అది. రక్తహీనతతో బాధపడే ఆడవాళ్ళ కోసం తయారైనది. అక్షరాలు, బొమ్మలు కూర్చే పని నాది. మిగిలినవారిలో ఒకరు పోషకాహార నిపుణురాలు, ఒకరు ప్రింటింగ్ ప్రెస్సు నడిపే పెద్దాయన, ఒకరు పొడి తయారీదారు, ఇంకొకరు అంగన్‌వాడీలో ముప్పై ఏళ్ళు పనిచేసి విరమణ పొందిన అమ్మ. ఈ పనిలో మా కంటపడిన ఒక లోపాన్ని మీ ముందు పెడుతున్నాను.

ఆహార పదార్థాల లేబుళ్ళపై 2020లో వచ్చిన నిబంధనల ప్రకారం తప్పనిసరి వివరాలు ఇంగ్లీషులో గానీ, దేవనాగరి లిపిలో హిందీలో గానీ ఉంటే చాలు. ఇంకో భాష కూడా వేసుకోవచ్చు. వేయకపోయినా తప్పు కాదు. మా పొడి లాంటి వాటిపై మందుగా వాడకూడదని, చెప్పిన మోతాదు మించకూడదని, పిల్లలకు అందకుండా ఉంచాలని రాయమంటున్నది కూడా నిబంధనలే. పిల్లల మాట ఊరికే పెట్టలేదు. ఐరన్ మోతాదు మించి కడుపులోకి వెళితే చిన్న పిల్లల ప్రాణానికే ముప్పు. అంతటి మాటను బొబ్బిలి దగ్గర పల్లెలో ఉన్న తల్లికి తెలియని భాషలో అచ్చు వేస్తే సరిపోతుందా?

అంగన్‌వాడీ అమ్మ మొదటి రోజే ఒక ఖాళీ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టారు. వేరెవరో తయారు చేసిన పొడి డబ్బా అది. వాళ్ళ వీధిలో ఒక బాలింత ఆ పొడిని రెండు నెలలపాటు టీలో కలుపుకుని తాగిందట. టీతో తీసుకుంటే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టీతో తీసుకోవద్దన్న మాట ఆ డబ్బా మీద ఉంది, ఇంగ్లీషులో. ఆ తర్వాత మా ప్యాకెట్ మీద తెలుగు ఉండాలా వద్దా అన్న చర్చ మాలో రాలేదు.

ఏ తెలుగు అన్నదే తేలలేదు. నేను మొదట రాసినది ఇది: 'సిఫారసు చేయబడిన దైనందిన పరిమాణమును అతిక్రమించరాదు.' అమ్మ రెండుసార్లు చదివి, 'ఇది ఎవరికి రాశావు బాబూ?' అని అడిగారు. నాకు సిగ్గేసింది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పుట్టిన పర్వతాలపేట మా పొరుగు జిల్లా శ్రీకాకుళంలోనే ఉంది. ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: 'రోజుకు ఒక చెంచా. అంతకు మించి వద్దు.' 'రాగి పిండి' అన్న పేరూ నిలవలేదు. ఇక్కడి ముసలమ్మలకు అవి చోళ్ళు, రాగి అంటే చెంబు. ఇనుము అన్న మాట మాత్రం వేయలేదు. ఆసుపత్రిలో ఇచ్చే మాత్రల వల్ల ఐరన్ అంటేనే అందరికీ తెలుసు.

చెంచా దగ్గర వారం రోజులు ఆగిపోయాము. ఏ ఇంటి చెంచా ఆ ఇంటిదే కదా. అందుకని కొలత చెంచాను ప్యాకెట్‌లోనే వేశాము. అది పొడి అడుక్కి చేరి కనబడకుండా పోయింది. చివరికి దాన్ని మూతి దగ్గర లోపలి వైపు అతికించి, పైన చెంచా బొమ్మ దాని అసలు సైజులోనే వేశాము.

ఇన్ని అక్షరాలకు చోటు లేదనే మాట నేను ఒప్పుకోను. ముందు వైపు సగం ఆక్రమించిన ఆకుల బొమ్మను తీసేస్తే చోటు దానంతట అదే వచ్చింది. ప్రెస్సు పెద్దాయన చెప్పిన ఇబ్బంది మాత్రం నిజమైనది. అచ్చు వేయడానికి ఒక్కో రంగుకు ఒక్కో సిలిండర్ చెక్కించాలి, రాష్ట్రానికో భాష అంటే ఖర్చు పెరుగుతుంది. అయితే దిగుమతి సరుకుపై దిగుమతిదారు వివరాలు స్టిక్కరుగా అతికించడానికి ఇప్పటికే వీలుంది. ఆ వీలు ఇక్కడా ఇవ్వవచ్చు.

శాకాహారానికి ఆకుపచ్చ చుక్క పెట్టాలన్న నియమం చూడండి. చదువు రాని వారికీ అది అర్థమవుతుంది. అంత ఆలోచించిన వ్యవస్థ ప్రాణానికి సంబంధించిన మాటను ఇంగ్లీషుకు, హిందీకి వదిలేయడం నాకు బాధగా ఉంది.

పోషకాహార పొడులు, మాత్రల వరకైనా ఎంత వాడాలి, ఎలా వాడాలి, ఏ జాగ్రత్త తీసుకోవాలి అన్నవి ఏ రాష్ట్రంలో అమ్మితే ఆ రాష్ట్ర భాషలో తప్పనిసరి చేయండి. ఆ వాక్యాలను ప్రతి భాషలో మీరే సిద్ధం చేసి ఇవ్వండి. ఆఫీసులో అనువదించి సరిపెట్టకండి, ముందు తల్లుల చేత చదివించండి. మాలాంటి చిన్న యూనిట్లకు అది ఎంతో మేలు.

ఈ లేఖతో రెండు ప్యాకెట్లు పంపుతున్నాము. ఒకటి ఇప్పటి నిబంధనలకు సరిపోయేలా ఇంగ్లీషులో మాత్రమే అచ్చు వేసి చూసుకున్నది. రెండోది మేము బజారులోకి తెస్తున్నది. తెలుగు చదవగలిగిన, ఇంగ్లీషు రాని ఒక తల్లి చేతిలో రెండూ పెట్టి, రోజుకు ఎంత తీసుకోవాలో చెప్పమని అడిగి చూడండి.

భవదీయుడు,
విజయనగరం నుంచి ఒక ప్యాకెట్ రూపకర్త