ఖచ్చర్‌కూ ఒక విగ్రహం కావాలి

సంపాదకుడికి,

అయ్యా,

మన సైన్యం కోసం బరువులు మోసిన కంచరగాడిదకు, అంటే ఖచ్చర్‌కు, ఒక విగ్రహం పెట్టాలని కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈమధ్య వర్జీనియాలో మా అబ్బాయి దగ్గర మూడు నెలలు ఉండి వచ్చాను. అక్కడ ట్రయాంగిల్ అనే ఊళ్ళో మెరైన్ సైనికుల మ్యూజియం ఉంది. దాని పక్కన పార్కులో ఒక ఆడగుర్రం కంచు విగ్రహం చూశాను. వీపు మీద గుండ్లు కట్టించుకుని గుట్ట ఎక్కుతూ ఉంటుంది. పేరు రెక్‌లెస్. మా మనవరాలు దాని కాలు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

కొరియా యుద్ధంలో, 1952లో, అమెరికా సైనికులు దాన్ని సియోల్‌లో 250 డాలర్లకు కొన్నారు. మందుపాతర పేలి కాలు పోయిన తోబుట్టువుకు కృత్రిమ కాలు పెట్టించాలని దాన్ని పెంచుకున్న కుర్రాడు అమ్మేశాడు. 1953 మార్చిలో జరిగిన పోరాటంలో అది ఒక్క రోజులో 51 సార్లు కొండ ఎక్కి దిగింది. చాలాసార్లు వెంట మనిషి కూడా లేడు. 386 గుండ్లు, అంటే నాలుగు టన్నుల పైన బరువు చేరవేసింది. రెండుసార్లు గాయపడ్డా ఆగలేదు. తర్వాత దానికి సార్జెంట్ హోదా ఇచ్చారు. 2013లో పెట్టిన ఈ విగ్రహం అడుగున దాని తోక వెంట్రుకలు కొన్ని దాచారని తెలిసి నాకు కళ్ళు చెమర్చాయి.

మా పెదనాన్నగారి అబ్బాయి సైన్యంలో కంచరగాడిదలతో పనిచేశారు. వాళ్ళు ఖచ్చర్ అంటారు. ఎంత చలిలోనైనా దాని బరువు దించి, జీను కింద పుండు పడిందేమోనని వీపంతా చేత్తో తడిమి, దాణా పెట్టాకే తను తినేవారు. "అది కాలు జారితే మాకు ఆ రోజు రొట్టె లేదురా" అనేవారు అన్నయ్య. కార్గిల్ యుద్ధంలోనూ రోడ్డు లేని కొండల మీదికి మందుగుండు, తిండి మోసినవి ఇవే. పెడోంగి అనే ఖచ్చర్‌ను మన సైన్యం నీలం వెల్వెట్ గుడ్డ కప్పి సత్కరించింది కూడా. కానీ ఆ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు?

2025 జనవరిలో పుణెలో జరిగిన ఆర్మీ డే పరేడ్‌లో మర ఖచ్చర్లు, అంటే బరువులు మోసే నాలుగు కాళ్ళ రోబోలు, నడిచాయి. మంచిదే, మూగజీవాలకు ఆ కష్టం తప్పుతుంది. అయితే ఇన్నాళ్ళు మోసినవాటిని మరిచిపోకముందే వాటికో విగ్రహం పెట్టాలి. విశాఖ బీచ్ రోడ్డులో రిటైరైన కురుసుర జలాంతర్గామికి, యుద్ధ విమానానికి చోటిచ్చాం. ప్రాణమున్నవాటికి ఇవ్వలేమా?

సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో వీరుల సైనిక్ స్మారక్ దగ్గర ఒక ఖచ్చర్ విగ్రహం పెట్టాలని సైన్యాన్ని, రాష్ట్ర ప్రభుత్వాన్ని కోరుతున్నాను. కంటోన్మెంట్ గేటు లోపల పెడితే మామూలు జనం చూడలేరు. ఎత్తైన దిమ్మె వద్దు, పిల్లల చేతికి అందాలి. వీపు మీద బరువు, పక్కన పగ్గం పట్టుకున్న జవాను ఉండాలి. సైన్యంలో ఖచ్చర్ గిట్ట మీద నంబరు వేస్తారు. విగ్రహం గిట్ట మీద కూడా ఆ నంబరు చెక్కాలి.

– ఒక పాఠకుడు, తాడేపల్లిగూడెం