ఫ్లెక్సీలకు లైన్ క్లియర్ ఎవరిస్తున్నారు?

అయ్యా,

హీరో పుట్టినరోజుకు ఫ్లెక్సీ కడుతూ యువకులు కరెంటు షాకుతో చనిపోవడం మనకు మామూలు వార్త అయిపోయింది. పవన్ కల్యాణ్ పుట్టినరోజుకు 2020 సెప్టెంబరులో కుప్పం ప్రాంతంలో ముగ్గురు, సూర్య పుట్టినరోజుకు 2023 జులైలో పల్నాడు జిల్లాలో ఇద్దరు విద్యార్థులు, యశ్ పుట్టినరోజుకు 2024 జనవరిలో కర్ణాటకలోని గదగ్ జిల్లాలో మరో ముగ్గురు ఇలాగే పోయారు.

విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరైనవాడిగా ఆ ప్రమాదం ఎలా జరుగుతుందో చెప్పగలను. ఇనుప చట్రాన్ని నలుగురు కుర్రాళ్లు చీకట్లో పైకి లేపుతుంటే, గాలికి ఫ్లెక్సీ తెరచాపలా ఉబ్బి చట్రాన్ని పక్కకు లాగుతుంది. అది పైనున్న 11 కేవీ (పదకొండు వేల వోల్టుల) లైనుకు తగిలితే, పట్టుకున్న వాళ్లందరికీ ఒకేసారి షాకు కొడుతుంది. ఆ లైను మీద పని ఉంటే లైన్‌మన్ సైతం సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపేశామన్న అనుమతి, తీసుకుని, లైనును భూమికి కలిపే ఎర్తింగ్ వేశాకే స్తంభం ఎక్కాలి. ఈ పిల్లలకు ఆ సంగతి చెప్పేవారే ఉండరు.

అభిమానం ముదిరితే ఉన్మాదమవుతుందని చాలామంది తేలిగ్గా అనేస్తారు గానీ, నాకది సరైన మాటగా తోచదు. 1998లో మొదలైన చిరంజీవి రక్తనిధికి ఏళ్ల తరబడి రక్తమిచ్చిన వారి అభిమానమేమీ తక్కువది కాదు. అవతలి సంఘం కట్టినదానికన్నా మనది అడుగైనా ఎత్తుండాలన్న పంతం దగ్గరే వ్యవహారం చెడుతుంది. నిజానికి ఆ పంతంలో హీరో ఊసే ఉండదు, ఉన్నదల్లా పక్క వీధి కుర్రాళ్లతో పోటీ.

2024 డిసెంబరులో హైదరాబాద్ సంధ్య థియేటర్ వద్ద తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయాక, ఇక బెనిఫిట్ షోలకు అనుమతులు ఉండవని తెలంగాణ ముఖ్యమంత్రి శాసనసభలోనే ప్రకటించారు. ఫ్లెక్సీ చావుల విషయంలో ఆ పాటి కదలిక కూడా నాకు కనిపించలేదు. గదగ్ బాధిత కుటుంబాలను పరామర్శించిన యశ్, బ్యానర్లు కట్టవద్దని అభిమానులను కోరారు. ఆ మాట ప్రతి హీరో నోటా పుట్టినరోజుకు వారం ముందే రావాలి. ఎక్కడ కడతారో మున్సిపాలిటీకో పంచాయతీకో తెలిపి అనుమతి చూపితేనే ప్రింటింగ్ షాపులు పెద్ద ఫ్లెక్సీలు వేయాలి, ఆ స్థలంలో పైన లైను ఉందో లేదో విద్యుత్ శాఖ స్థానిక ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) చూసి సంతకం పెట్టాలి. ఇందుకు కొత్త చట్టం దాకా పోనక్కర్లేదు, కలెక్టర్లు తలచుకుంటే వచ్చే పుట్టినరోజు నాటికే అమలు చేయవచ్చు.

– విశ్రాంత విద్యుత్ ఉద్యోగి, పల్నాడు జిల్లా