గుమ్మం దగ్గర నిలబడిన పెద్దావిడ

సంఘ సభ్యులందరికీ వందనాలు. మొన్న ఆదివారం ఆరాధన మొదలయ్యాక వెలిసిన చీరలో ఒక పెద్దావిడ వచ్చి, చెప్పులు విడిచేచోటే గోడకు ఆనుకుని నిలబడిపోయారు. ఎవరమూ లేవలేదు, నేను కూడా. కాసేపటికి కారు దిగి వచ్చిన ఒకాయనకు మాత్రం ముందు వరుసలో కుర్చీ వేశాం.

బైబిల్లో యాకోబు పత్రిక, అంటే యాకోబు రాసిన ఉత్తరం, 2వ అధ్యాయం తెరిచి చూడండి. బంగారు ఉంగరం ఉన్నవాడికి మంచి చోటు, మురికి బట్టల పేదవాడికి అక్కడే నిలబడమన్న మాట. అచ్చంగా మన మందిరమే! తల నెరసినవారి ముందు లేచి నిలబడమని లేవీయకాండం 19:32 చెబుతుంది. వారం రోజులుగా నా మనసు కుదురుగా లేదు.

ఈ ఆదివారం గుమ్మం దగ్గర నేనుంటాను. తోడుగా ఇద్దరు యువకులు రండి. ప్రతి ఒక్కరినీ "రండి, కూర్చోండి" అని లోపలికి పిలుద్దాం. మందిరం ఊడ్చే అక్కను కూడా ఇకనుంచి పేరుకు 'గారు' చేర్చి పిలుద్దాం.