మీ ఫోను నంబర్లు సాఫ్ట్‌వేరు కంపెనీ దగ్గర్నుంచి తీయించేశాం

మా మిఠాయి అంగడికి ఏళ్ళ తరబడి వస్తున్న మీ అందరికీ,

పోయిన నెల మీలో కొందరికి మా నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది. "పోయినేడు ఇదే రోజు మాతో వేడుక చేసుకున్నారు, ఈ ఏడు కూడా చేసుకోండి, 10 శాతం తగ్గింపు" అని. అది నేను రాసింది కాదు. అయినా నా అంగడి పేరుతో వచ్చింది, కాబట్టి తప్పు నాదే.

సంతపేట నుంచి వచ్చే ఒకాయన పొద్దున్నే కౌంటర్ దగ్గరికి వచ్చాడు. (అడిగి, సరే అన్నాకే ఇది రాస్తున్నా.) ఒక్క మాట తిట్టలేదు. ఫోను తీసి కాటా మీద పెట్టాడు. కాటా 205 గ్రాములు చూపించింది. "చదువు నాయనా" అన్నాడు. పోయినేడు ఆయన మా దగ్గర తీసుకున్నది వాళ్ళమ్మ పెద్దకర్మకి 40 కిలోల బూందీ లడ్డు. సంవత్సరీకం పెట్టి ఇంకా నెల తిరగలేదు. మెసేజ్ చివర బెలూన్ల బొమ్మ ఒకటి. నాకు నోట మాట రాలేదు. మలై కాజాల ట్రే పట్టుకొచ్చిన మావాడు అట్నే నిలబడిపోయాడు.

సంగతేందంటే, రెండేళ్ళ కింద ఒక బయటూరి కంపెనీ మాకు కస్టమర్ డేటా ప్లాట్‌ఫామ్ అని ఒకటి అంటగట్టింది. కౌంటర్ బిల్లింగు, వెబ్‌సైటు, వాట్సాప్, ఫేస్‌బుక్ ప్రకటనల ఖాతా, ఫంక్షన్ ఆర్డర్లు రాసుకునే గూగుల్ షీటు, ఈ అయిదూ దానికి కలిపారు. ఫోను నంబర్ని బట్టి అన్నిట్లో ఉన్నదీ తెచ్చి ఒక మనిషి పేరు కింద కుట్టేసి, దాన్ని బట్టి మెసేజ్‌లు పంపుతుందది. తేదీ తెలుసు, కిలోలు తెలుసు, పెళ్ళో చావో తెలీదు. మా షీటులో "దేనికి" అని ఒక గడి ఉంది, మావాళ్ళు అందులో పెద్దకర్మ అని తెలుగులో శుభ్రంగా రాశారు కూడా. తెలుగులో ఉందని ఆ గడి కలపకుండా వదిలేశారంట. నెల్లూరులో మిఠాయి అంగడికి పెట్టిన సాఫ్ట్‌వేరుకి తెలుగు అక్కర్లేదా?

ఆ రోజే అయిదు ఖాతాలూ డిస్‌కనెక్ట్ కొట్టేశా. పీడ పోయిందనుకున్నా. మూడో రోజు ఇంకొకరికి మెసేజ్ పోయింది. అప్పుడు తెలిసొచ్చింది. ఖాతా తీసేస్తే కొత్తగా వచ్చేది ఆగుతుంది అంతే, అంతకుముందు లాక్కున్నది లాక్కున్నట్టే ఉంటుంది. సోమశిల దగ్గర కాలువ మూసేస్తే కండలేరు రిజర్వాయరు ఎండిపోదు కదా. పైగా కండలేరు నీళ్ళు మద్రాసు పోయినట్టు, మీ నంబర్లతో కట్టిన జాబితాలు అప్పటికే మా ప్రకటనల ఖాతాలోకి పోయున్నాయి. అవి అక్కడ విడిగా తీసేశాం. గూగుల్‌లో, ఫేస్‌బుక్‌లో ఆ కంపెనీకి ఇచ్చిన అనుమతులు కూడా మా వైపు నుంచి రద్దు చేశాం.

లోపలున్న పాత సరుకు మాత్రం వాళ్ళే తుడవాలి. ఫోన్ చేస్తే టికెట్ (అంటే రాతలో ఫిర్యాదు) వేయమన్నారు. 11 రోజులు ఉలుకూ పలుకూ లేదు. ఆ తర్వాత ఒక కుర్రాడు ఫోన్ చేసి "ఉంచుకుంటేనే మీకు మంచిది సార్, చిన్న షాపుల వాళ్ళకి దీని విలువ తెలీదు" అన్నాడు. ఈ ముక్క నాకు ఇంకా గుచ్చుకుంటానే ఉంది. ఎవరింట్లో షుగరుందో, ఎవరు నెయ్యి తగ్గించమంటారో మా నాయన 40 ఏళ్ళు నోటికి చెప్పేవాడు. ఏ ఇంటికి ఏ కబురు చెప్పకూడదో కూడా ఆయనకి తెలుసు. సరే, 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం ప్రకారం పని వాళ్ళకి అప్పగించినా జవాబుదారీ నాదే. ఆ మాటే చెప్పి, తుడిచేశామని రాతపూర్వకంగా ఇచ్చేదాకా వదల్లేదు. పోయిన గురువారం ఇచ్చారు.

ఇంత లేటు అవడానికి నా వంతూ ఉంది. మీరు కొన్నప్పుడల్లా మీ పేరున వేసే పాయింట్లు. అవి ఆ ప్లాట్‌ఫామ్‌లోనే లెక్కవుతున్నాయి, తుడిస్తే అవీ పోతాయి. పాయింట్ల కోసమని మొత్తం ఉంచితే సంతపేట ఆయన ముఖం చూడలేను. తీసేస్తే, రెండేళ్ళుగా ఒక్కొక్క పాయింటూ కూడబెట్టుకున్న వాళ్ళకి ఏం చెప్పేది? నాలుగు రాత్రులు ఇదే ఆలోచన. మా ఆవిడ విసుక్కుని "ఖాతా పుస్తకం లేదా ఇంట్లో?" అనింది. చివరికి పేరు, నంబరు, పాయింట్లు ఇంతవరకే దించి, పుస్తకంలో చేత్తో రాయించి, ఆ ఫైలు కూడా చెరిపేశాం. రాతలో పొరపాటుంటే మీరు చెప్పిందే లెక్క.

బిల్లులు మాత్రం చెరపలేను. జీఎస్‌టీ లెక్కలు 72 నెలలు దాచాలి. అవి మా ఆడిటర్ దగ్గర, బీరువాలో ఉంటాయి.

ఇక మా నుంచి పుట్టినరోజు మెసేజ్‌లు, పండగ ఆఫర్లు రావు. వ్యాపారం తగ్గితే తగ్గనీ. ఫంక్షన్ ఆర్డరు రాసుకునేటప్పుడు దేనికని మావాడు అడుగుతాడు, తీపి ఎంత వేయాలో తెలియడానికే. చెప్పకపోయినా పర్లేదు.

పాయింట్ల పుస్తకం కౌంటర్లో కాటా పక్కనే ఉంది. సంక్రాంతిలోపు వచ్చి వాడేసుకోండి. ఆదివారం మధ్యాహ్నం పూట అంగడి ఉండదు.