ఓనరు సంతకం పెడతారా, పెట్టరా? మ్యూనిక్ ఫ్లాట్ బుకింగ్‌పై ఫిర్యాదు

హైదరాబాద్,
జూన్ 27, 2025

కస్టమర్ సర్వీస్ అధికారి గారికి,

విషయం: ఆగస్టు 1 నుంచి మ్యూనిక్‌లోని పాసింగ్‌లో బుక్ చేసిన ఫ్లాట్, చిరునామా నమోదు పత్రం గురించి 24 రోజులుగా జవాబు లేకపోవడం

అయ్యా / అమ్మా,

జూన్ 3న మీ సంస్థను ఒక్క ప్రశ్న అడిగాను. ఈ ఫ్లాట్ ఓనరు వోనుంగ్స్‌గేబర్‌బెస్టేటిగుంగ్ మీద, అంటే నేను ఆ ఇంట్లో దిగానని ఇల్లిచ్చినవారు ధ్రువీకరించే పత్రం మీద, సంతకం చేసి ఇస్తారా, ఇవ్వరా? అవుననో కాదనో ఒక్క ముక్క చెబితే చాలు. ఈ 24 రోజుల్లో మీ వాళ్లు ఆరుగురితో మాట్లాడాను. ఆ ఒక్క ముక్క ఇంకా రాలేదు.

ఫ్లాట్ మీద నాకు ఫిర్యాదు లేదు. బిగించిన వంటగది ఉంది, అక్కడ చాలా అద్దె ఇళ్లలో సింకు కూడా ఉండదని తెలిసే అది ముందుగా చూసుకున్నాను. హీటింగు, నీళ్లు కలిపి నెలకు 1,480 యూరోలు అన్నారు, ఒప్పుకున్నాను. మీ ప్రకటనలో "రిజిస్ట్రేషన్ సాధ్యం" అని ఉంది కాబట్టే మిగతా రెండు ఇళ్లు వదులుకుని దీన్ని ఎంచుకున్నాను. తీరా ఒప్పందం చేతికొచ్చాక చూస్తే అందులో ఆ మాటే లేదు. అందుకే అడిగాను.

ఈ కాగితం కోసం ఇంత పట్టు ఎందుకో, జర్మనీలో ఇళ్లు చూపించే వ్యాపారంలో ఉన్న మీకు తెలియదని అనుకోలేను. ఇంట్లో దిగిన రెండు వారాల్లో నగర కార్యాలయానికి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. పాస్‌పోర్టు, వీసా, నింపిన ఫారంతో పాటు ఇల్లిచ్చినవారు సంతకం చేసిన ఈ పత్రం కూడా అక్కడ పెట్టాలి. అద్దె ఒప్పందం చూపిస్తే సరిపోదు. 2015 నవంబరు నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం దీన్ని ఇవ్వడం ఇల్లిచ్చినవారి బాధ్యత. ఇవ్వకపోతే వాళ్లకు 1,000 యూరోల దాకా జరిమానా పడొచ్చు. పత్రమంతా కలిపి ఒక్క పేజీ: ఇల్లిచ్చినవారి పేరు, చిరునామా, ఇంటి చిరునామా, దిగిన తేదీ, ఉండేవాళ్ల పేర్లు. అసలు ఓనరు వేరొకరైతే వాళ్ల పేరు.

నమోదు జరగకపోతే ఆ తర్వాతి పని ఒక్కటీ కదలదు. పన్ను నంబరు ఉత్తరం నమోదైన చిరునామాకే పోస్టులో వస్తుంది. ఆ నంబరు ఆఫీసుకు ఇవ్వకుండా నెలలు గడిస్తే జీతం ఆరో తరగతి పన్నులోకి పోతుంది, అన్నిటికంటే ఎక్కువ కోత పడేది అందులోనే. రెసిడెన్స్ కార్డు దరఖాస్తుకూ ఈ నమోదే ఆధారం. పోస్టు డబ్బా మీద మన పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది కాబట్టి, డబ్బా మీద పేరు అతికించుకోనిస్తారా అని కూడా అదే మెయిల్‌లో అడిగాను. దానికీ జవాబు లేదు.

ఇక మీ వాళ్లు ఏం చేశారో వినండి. జూన్ 3న మాట్లాడిన అబ్బాయి, "మేడమ్, రిక్వెస్ట్ రైజ్ చేశాం, 48 గంటల్లో కాల్ వస్తుంది" అన్నాడు. రాలేదు. 6న నేనే చేస్తే ఇంకో అమ్మాయి ఎత్తి, యాప్‌లో ఓనరుతోనే చాట్ చేయమంది. చేశాను. "కాగితాల సంగతి కంపెనీ చూసుకుంటుంది" అని ఓనరు రాశారు. ఆ స్క్రీన్‌షాట్ మీకు పంపాను. 9న మూడో ఏజెంటు ఒక లింకు పంపాడు. తెరిచి చూస్తే జర్మనీలో చిరునామా నమోదు అంటే ఏమిటో వివరించే మీ సొంత పేజీ. నేను అడిగినదేమిటో అతను చదవనేలేదు. 11న నాలుగో మనిషి పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ పత్రం మళ్లీ అప్‌లోడ్ చేయమన్నారు. అవన్నీ మే నెలలో బుకింగ్ రోజే మీ దగ్గరికి చేరాయి. అయినా ఆ సాయంత్రమే మళ్లీ పెట్టాను. "వెరిఫికేషన్ మొదలైంది, ఇంకో 48 గంటలు" అని మెసేజ్ వచ్చింది.

ప్రతిసారీ బుకింగ్ నంబరు, పుట్టిన తేదీ, మెయిల్ ఐడీ చెప్పి, కథంతా మొదటి నుంచి చెప్పాల్సి వచ్చింది. ముందు మాట్లాడినవాళ్లు రాసిపెట్టింది తర్వాతివాళ్లకు కనిపించదట. అలాంటప్పుడు టికెట్ నంబరు ఇవ్వడం దేనికి?

16న ఐదో ఆయన డాక్యుమెంట్ టీమ్ జర్మనీలో ఉంటుందని, వాళ్లకు నేరుగా ఫోన్ కలపడం కుదరదని, అక్కడి టైము 10 నుంచి 4 మధ్య వాళ్లే చేస్తారని చెప్పారు. అంటే ఇప్పుడు మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర నుంచి రాత్రి ఏడున్నర దాకా. ఆ రోజూ మర్నాడూ ఆ వేళంతా ఫోన్ చేతిలో పెట్టుకునే ఉన్నాను. 17న రాత్రి 7.40కి వచ్చింది కాల్ కాదు, మెసేజ్. "మీ సమస్య పరిష్కారమైంది. టికెట్ మూసివేశాం. మా సేవకు స్టార్లు ఇవ్వండి."

మర్నాడు ఆరో ఏజెంటు చెప్పిన మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "క్యాన్సిలేషన్ గడువు నిన్నటితో అయిపోయింది మేడమ్. ఇప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు రాదు."

మీ నిబంధన ప్రకారం, చేరే తేదీకి 45 రోజుల ముందు వరకూ రద్దు ఉచితం. అంటే జూన్ 17. నేను అడిగింది జూన్ 3న. మధ్యలో ఉన్న రెండు వారాలనూ మీ 48 గంటలే తినేశాయి. ఓనరు ఇవ్వరని 5వ తేదీన చెప్పినా నేను వేరే ఇల్లు చూసుకునేదాన్ని. నా ప్రశ్నను మీరు పట్టించుకోకపోవడం వల్లే నాకు నష్టం జరిగింది.

ఇలా జవాబు దాటేయడం ఎప్పుడు జరుగుతుందో కూడా నాకు తెలుసు. ఇల్లు ఇస్తున్న మనిషి అసలు ఓనరు కాకుండా తానే అద్దెకుండి, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇస్తున్నప్పుడు ఈ పత్రం మీద సంతకానికి వెనకాడతాడు. అందులో ఓనరు పేరు రాయాలి కదా. "వచ్చాక చూసుకుందాం" అంటాడు. వచ్చాక సామాన్లతో వీధిలో నిలబడేది మనం. ఈ ఫ్లాట్ అలాంటిదే అయితే మీ ప్రకటన తప్పు. కాకపోతే ఒక్క గీత సంతకానికి 24 రోజులు ఎందుకు?

ఇంత జరుగుతుండగానే 20న డిపాజిట్ బిల్లు మాత్రం టంచనుగా వచ్చింది. 3,750 యూరోలు, జూలై 5 లోపు ఒకేసారి కట్టాలట. హీటింగు, నీళ్ల ఖర్చులు తీసేస్తే అసలు అద్దె 1,250 కాబట్టి, డిపాజిట్ మూడు నెలల అసలు అద్దెను మించకూడదన్న పరిమితి దాటలేదు, సరే. కానీ అక్కడి చట్టం ఆ మొత్తాన్ని మూడు నెలసరి వాయిదాల్లో కట్టనిస్తుంది, మొదటి వాయిదా కూడా అద్దె మొదలయ్యేటప్పుడే. తాళం చేతికి రాకముందే నేను అది పంపను.

2021లో మా తమ్ముడికి ష్టుట్‌గార్ట్‌లో ఇల్లు మీ ద్వారానే దొరికింది. అప్పుడు మాదాపూర్ ఆఫీసులో మీ మనిషి ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఈ పత్రం తెప్పించి చేతికిచ్చాక డబ్బు తీసుకున్నారు. ఆ నమ్మకంతో నేను మరో ముగ్గురు సహోద్యోగులను మీ దగ్గరికి పంపాను. ఈరోజు వాళ్లకు ఏం చెప్పాలి?

జూలై 4 సాయంత్రం 6 గంటల లోపు రెండింట్లో ఒకటి చేయండి. ఆగస్టు 1న ఇంట్లో దిగగానే పత్రం ఇస్తామని, డబ్బా మీద పేరు పెట్టుకోనిస్తామని ఓనరు సంతకంతో రాతపూర్వకంగా పంపండి. లేదా బుకింగ్ రద్దు చేసి, మొదటి నెల అద్దె 1,480, మీ సర్వీసు ఫీజు 390, మొత్తం 1,870 యూరోలు కోత లేకుండా వెనక్కి ఇవ్వండి. కార్డు మీద పడిన 3.5 శాతం కరెన్సీ మార్పిడి చార్జీ కూడా మీరే భరించడం న్యాయం.

ఈ రెండూ జరగకపోతే 5వ తేదీ ఉదయం నా కార్డు బ్యాంకులో వివాదం నమోదు చేస్తాను. హైదరాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. "రిజిస్ట్రేషన్ సాధ్యం" అన్న మీ ప్రకటన, ఓనరు చాట్, మూసేసిన టికెట్, అన్నిటి కాపీలూ తేదీలతో నా దగ్గర ఉన్నాయి. మ్యూనిక్ వెళ్లే మనవాళ్లు ఇళ్ల గురించి అడిగే ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ ఈ ఉత్తరం ఉన్నదున్నట్టు పెడతాను.

దయచేసి ఏడో ఏజెంటుతో ఫోన్ చేయించకండి. జవాబు మీ పేరుతో, మెయిల్‌లో రాసి పంపండి.

ఇట్లు,
పాసింగ్ ఫ్లాట్ బుక్ చేసుకున్న మీ కస్టమర్

జతపరిచినవి: ప్రకటన స్క్రీన్‌షాట్, ఓనరు చాట్, మూసివేసిన టికెట్, చెల్లింపు రసీదులు 2