బొబ్బిలి కథ మళ్లీ విన్నాను

మైలాపూర్, చెన్నై
ఆదివారం రాత్రి

అమ్మలూ,

ఫోనులో చెబితే సగంలోనే "తర్వాత మాట్లాడతాను నాన్నా" అంటావు కనుక రాస్తున్నాను.

నిన్న సాయంత్రం రాయపేట హైరోడ్డులోని పొట్టి శ్రీరాములు గారి స్మారక భవనానికి వెళ్లాను. 1952లో ఆయన 58 రోజులు దీక్ష చేసి ప్రాణం విడిచిన చోటు. చిన్నప్పుడు నీకు చూపిస్తే ఐస్‌క్రీం ఎప్పుడని అడిగావు. అక్కడ బుర్రకథ. కథకుడు ఎవరనుకున్నావు? నా పదేళ్ల వయసులో మా ఊరి శ్రీరామనవమి పందిట్లో బొబ్బిలి కథ చెప్పిన ఆయనే! అప్పుడు మైకు పాడైతే పక్కన పెట్టించి, చెరువుగట్టు దాకా వినబడేలా తెల్లవార్లూ చెప్పారు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు.

తలపాగా, నడుముకు దట్టీ, కాళ్లకు గజ్జెలు, భుజాన తంబురా, బొటనవేలికి అందె, అన్నీ అవే. పల్లవి ఎత్తుకోగానే పైస్థాయిలో గొంతు చీలిపోయింది. నా వెనక ఎవరో నవ్వారు. ఇంట్లో కూర్చోక ఈ వయసులో ఎందుకీ అవస్థ అని నాకూ అనిపించింది.

కాసేపటికి కనిపెట్టాను. ఊపిరి అందదనుకున్న చోట ఆయన అందెను టక్కున మోగిస్తున్నారు. వెంటనే పక్కన వంత పాడే వంతలిద్దరూ గుమ్మెటలు వాయిస్తూ "తందాన తాన" అని అందుకుంటున్నారు. ఈలోగా ఆయన రెండడుగులు వెనక్కి వేసి, ఊపిరి తీసుకుని మళ్లీ ముందుకు వస్తున్నారు. ఒకచోట మాట మరిచిపోయారు. హాస్యపు వంత "బాబాయ్, పాపారాయుడు ఇంకా రాజాం దాటలేదా?" అన్నాడు. "గుర్రానికి కూడా నా వయసే వచ్చింది రా" అన్నారు. హాలంతా ఘొల్లుమంది.

ఇక బొబ్బిలి వీరుడు పాపారాయుడు రాత్రివేళ విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలోకి దూరే ఘట్టం. పందిట్లో ఆయన గర్జిస్తూ చెబుతుంటే నేను మీ బామ్మ కొంగులో దాక్కున్నాను. నిన్న గుమ్మెటలు ఆపించారు. పాడనే లేదు. ఆ బొంగురు గొంతుతోనే గుసగుసగా వచనం చెప్పుకుపోయారు. కావలివాళ్లకు వినబడకూడదు కదా! వెనక నవ్విన మనిషి కూడా ముందుకు వంగి వింటున్నాడు. అరుచుకుంటూ శత్రువు గుడారంలోకి ఎవడు దూరతాడు? పందిట్లో విన్నదాని కంటే నాకు ఇదే సబబుగా తోచింది.

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. నీ పెళ్లిలో మంగళహారతి పాడబోతున్న బామ్మను "గొంతు వణుకుతోంది, వద్దులే అమ్మా" అని ఆపింది నేనే. రికార్డు పెట్టించాను. ఆవిడ ఏమీ అనకుండా పళ్లెం మీ అత్తయ్య చేతికిచ్చి, వెళ్లి కూర్చుంది.

ఈ ఉదయం పాడమని అడిగాను. "నువ్వే వద్దన్నావుగా" అంది. కాఫీ తాగాక, కింది శ్రుతిలో అయితే పాడతానంది. పక్కన అందుకోవడానికి మాత్రం ఒక మనిషి కావాలట. సంక్రాంతికి నాలుగు రోజులు ముందే రా. నీకు ఆ పాట రాదన్నాను. నేర్పుతుందట.

నాన్న